పెంచల్ గిటారూ ఉషారాణి మిషనూ

న్యాయం అనేది అల్లూరు మండలంలో ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఉండవచ్చుగాక, పెంచల్ ఇంటి గడప మాత్రం అది ఏనాడూ తొక్కలేదు. తొక్కి ఉంటే, ఇరవై నాలుగేళ్ళుగా కన్నబిడ్డలా చూసుకుంటున్న ఎలక్ట్రిక్ గిటార్‌ను జనరేటర్ షెడ్డులో పెట్టుకోమని కట్టుకున్న పెళ్ళామే అంటుందా? అదీ చేపల పులుసు వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిగ్గా!

విషయం చూస్తే ఇంతే. వాళ్ళది రొయ్యల గుంటల గట్టు మీదే కట్టుకున్న ఇల్లు. హాల్లో తూర్పు కిటికీ పక్కన ఒక్కచోటే మంచి వెలుతురు పడుతుంది. ఆ చోట పెంచల్ గిటార్, దాని పక్కన చిన్న బీరువా అంత ఆంప్లిఫయర్ పెట్టె, పైన గోడ మీద జులపాల దొరల పోస్టర్లు మూడు ఉన్నాయి. ఉషారాణి కుట్టుమిషనేమో వంటింటి మూల చీకట్లో ఉంది. ఊళ్ళో సగం జాకెట్లు ఆ చీకట్లోనే పుడుతున్నాయి.

"సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళు పీక్కపోతుండాయి బావా. నీ సామాను షెడ్డులో పెట్టుకో. నా మిషను కిటికీ కాడికి రావాల," అంది ఉషారాణి. ఆమె పెంచల్‌కు మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి కాబట్టి భయభక్తులు మొదట్నుంచీ లేవు.

"షెడ్డులోనా? ఉప్పుగాలికి నెల తిరక్కుండా తీగలు తుప్పు పట్టిపోతాయి. గొప్ప కళాకారుడి గిటార్‌ను ఎవురన్నా షెడ్డులో పెడతారా?"

"పెట్టరు," అని ఇంకో చేప ముక్క వేసింది ఉషారాణి. "గొప్పోడిదయితే."

విన్నారా మాట! పెంచల్ అన్నం ముందు నుంచి లేచిపోదామనుకున్నాడు. కానీ మామిడికాయ వేసిన చేపల పులుసు ఏ పాపమూ ఎరగదు. అందుకని కూర్చుని తింటూనే మండిపడ్డాడు.

గిటార్ గురించి పెంచల్‌తో మాట్లాడేవాళ్ళు కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నెల్లూరులో డిగ్రీ చదివే రోజుల్లో రైలెక్కి మద్రాసు వెళ్ళి, వాళ్ళ నాయన ఫీజుకిచ్చిన డబ్బుతో సెకండ్ హాండ్‌లో కొన్నాడు దాన్ని. డిగ్రీ రాలేదు, గిటార్ వచ్చింది. అప్పటి నుంచీ రాక్ గిటారిస్టుల్లో ఎవరు గొప్ప, ఎందుకు గొప్ప అనే విషయంలో అల్లూరు నుంచి సముద్రం దాకా తనను మించిన పండితుడు లేడని అతని నమ్మకం. పోటీకి ఎవరూ రాలేదు కాబట్టి ఆ నమ్మకం అలాగే నిలబడింది. ఫోన్లో రాత్రీ పగలూ గిటార్ వీడియోలే. మధ్యలో రొయ్యకు జబ్బు చేసిందనీ, మందు ఏదనీ మెసేజీలు వచ్చి కళకు అడ్డం పడుతున్నాయని గుంటల రైతుల వాట్సాప్ గ్రూపు నోరు ఎప్పుడో మూయించాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి, పెళ్ళానికి జ్ఞానం ప్రసాదించడం మొదలుపెట్టాడు. గొప్పతనానికి కొలత వేగం అన్నాడు. టోపీ దొర పోస్టర్ చూపించి, ఈయన సెకనుకు పద్నాలుగు స్వరాలు వాయిస్తాడు, లెక్కేసి మరీ చెప్పారు అన్నాడు.

"మోటారు పెట్టినాంక నా మిషను సెకనుకు పదిహేను కుట్లు వేస్తది. దానికీ ఒక పోస్టరు అంటించు," అంది ఉషారాణి.

పెంచల్ ఆ మాట విననట్టు రెండో పోస్టర్ దగ్గరికి జరిగాడు. ఎడమచేతి వాటం మహానుభావుడు. పళ్ళతో వాయించినాడు, వీపు వెనక పెట్టుకుని వాయించినాడు, చివరికి పూనకం పట్టలేక స్టేజీ మీదే గిటార్‌ను తగలబెట్టినాడు అని చెప్పి, భార్య ముఖంలో భక్తి కోసం చూశాడు. ఉషారాణి ముఖం ఎర్రబడింది.

"తగలబెట్టినాడా? బాగుండే వస్తువునా?"

"అది కళ."

"వాళ్ళింట్లో ఆడోళ్ళు ఏమీ అన్లేదా? నువ్వు అట్టాంటి గొప్పోడివి కావాలనుకుంటే చెప్పు బావా, అగ్గిపెట్టె నేనిస్తా."

ఇక పెంచల్‌కు ఓపిక చచ్చిపోయింది. అయితే నీ లెక్కలో గొప్పోడంటే ఎవరో నువ్వే చెప్పు అన్నాడు. ఉషారాణి పళ్ళేలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"మొదటి స్వరం ఇనంగానే, ఇది ఫలానావోడిదని తెలవాల. గేటు చప్పుడుకే వచ్చింది ఎవురో తెలవదా, అట్ట. అంతే," అని పళ్ళేలతో వంటింట్లోకి పోయింది.

గేటు చప్పుడట! ప్రపంచం నెత్తిన పెట్టుకున్న మహానుభావులను తీసుకొచ్చి ఇనప గేటుతో పోల్చింది. పెంచల్ ఆ మధ్యాహ్నం కునుకు తియ్యలేదు.

మరునాడు బుధవారం, ధర్మం తన వైపు ఉందని పదిమంది చేతా అనిపించుకోవాలని హజరత్తయ్య మేత దుకాణానికి వెళ్ళాడు. హజరత్తయ్య ఊరందరి గుంటలకూ రొయ్యల మేత అమ్ముతాడు. పక్కనే బెంచీ మీద చెంచయ్య ఉన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించి, ఊపిరి చాలక మానేసిన పెద్దమనిషి. సంగతంతా చెప్పి, మీరే తేల్చండి అన్నాడు పెంచల్.

హజరత్తయ్య మేత బస్తా మీద చెయ్యి వేసి, కళైనా రొయ్యైనా ఒకటే సూత్రం అన్నాడు. తక్కువ మేత వేసి ఎక్కువ బరువు తెప్పించినోడే గొప్పోడు. ఒకడు వంద స్వరాలు మేపుతాడు, వినేవోడి గుండెలో పది గ్రాములు పెరగదు. ఇంకోడు నాలుగే వేస్తాడు, కిలోకు ఎన్ని రొయ్యలని లెక్కేసే కౌంటు అదిరిపోతుంది. వేగంగా వాయించడమంటే మేత వృథా చేసి గుంట పాడుచేసుకోవడమే అని తేల్చేశాడు.

చెంచయ్య అది కూడా ఒప్పుకోలేదు. కుర్చీలో కూర్చుని ఎవరైనా వాయిస్తారన్నాడు. పెళ్ళి ఊరేగింపులో ముందు గుర్రం, వెనక టపాకాయలు, కాళ్ళ కింద పేడ. అన్నీ తప్పించుకుంటూ మూడు మైళ్ళు నడిచి శ్రుతి తప్పకుండా వాయించినోడే వాద్యగాడు. మీ టోపీ దొరను ఒక్కసారి మా అల్లూరు ఊరేగింపుకు పిలిపించు, అప్పుడు చెబుతా అన్నాడు.

ఎవరి తిండి గోల వాళ్ళది, ఎవరి నడక గోల వాళ్ళది. వేగం గురించి ఒక్కడూ ఒక్క మంచి మాట అనలేదు. ఇంత అజ్ఞానం మధ్య తాను ఇన్నేళ్ళు ఎట్లా బతికాడో పెంచల్‌కే ఆశ్చర్యం వేసింది. ఇంటికొచ్చే దారిలో, షెడ్డులోంచి టకటకమని సుత్తి చప్పుడు వినిపించింది. జనరేటర్‌కు ఏదో రిపేరు చేయిస్తున్నట్టుందనుకుని అటు చూడకుండా లోపలికి వెళ్ళాడు. అతని బుర్ర అప్పటికే ఒక ఉపాయంతో వేడెక్కి ఉంది.

ఉపాయం ఇది. వీళ్ళకు ముఖం చూస్తే లోకువ. పెంచల్ వాయిస్తున్నాడని తెలిస్తే దేవేంద్రుడి సభలో పాటైనా పెదవి విరుస్తారు. కాబట్టి తెర కట్టి, దాని వెనక తాను వాయిస్తున్నట్టు కూర్చోవాలి. మోగేది మాత్రం మేత కంపెనీవాళ్ళు బహుమతిగా ఇచ్చిన, ఛార్జింగ్‌తో మోగే బ్లూటూత్ స్పీకర్ డబ్బా. అందులో ఎడమచేతి మహానుభావుడు. విని బాగలేదన్నారా, అప్పుడు తెర తీసి, మీరు కాదన్నది సాక్షాత్తూ ఫలానా ఆయన్ను, థూ మీ చెవులు అనొచ్చు. బాగుందన్నారా, నోరు మూసుకుని పొగడ్త జేబులో వేసుకోవచ్చు. ఎటు తిరిగినా గెలుపే. ఇంత బుర్ర ఉండి డిగ్రీ ఎందుకు రాలేదో అతనికి అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే పందెం ప్రతిపాదించాడు. "నేను తెర వెనక వాయిస్తా. హజరత్తయ్యా, చెంచయ్యా, నువ్వూ ఇనండి. గొప్పగా వాయించినానని తేలితే గిటార్ కిటికీ కాడే ఉంటాది. మళ్ళా నువ్వు షెడ్డు మాట ఎత్తకూడదు. లేదని తేలితే నేనే మోసకపోయి షెడ్డులో పెడతా."

ఉషారాణి ఫోన్లో ఏదో చదువుతూ ఉంది. తలెత్తి సరే అంది. ఆదివారం పదింటికి పెట్టుకుందామన్నాడు పెంచల్. పదింటికి గుంటల్లో మేత పళ్ళేలు పైకి లాగి రొయ్య తిన్నదో లేదో చూడాలి, పదకొండుకు పెట్టు అంది. పెంచల్ ఒప్పుకున్నాడు. మహానుభావులు ఒక గంట ఆగలేరా?

"కరెంటు గిటారే గదా బావా? ఆ పెద్దపెట్టెకు తగిలించే వాయిస్తావు గదా?" అని అడిగింది.

"దానికి తగిలించకపోతే ఎట్టమే? కరెంటు లేకుంటే దోమ రెక్కంత చప్పుడు కూడా రాదు దానికి," అని నవ్వాడు పెంచల్, ఆమె అమాయకత్వానికి జాలిపడుతూ.

ఆదివారం వచ్చింది. మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది. రొయ్యకు నూట పదో రోజు, పట్టి అమ్మడానికి వారం కూడా లేదు. అలాంటప్పుడు నీళ్ళు చిలికి రొయ్యకు గాలి అందించే ఏరేటర్లు పగలు కూడా ఆగకూడదు. నాలుగు గుంటల్లోనూ అవి దడదడమంటూ తిరుగుతున్నాయి. ఆ చప్పుడు ఆ ఇంటికి ఊపిరి లాంటిది. ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు. ఆగిందంటే మాత్రం అక్కడి మనుషులు నిద్రలోంచైనా లేచి పరిగెడతారు.

పొద్దున్నే ఉషారాణి డబ్బాతో డీజిల్ తెచ్చి షెడ్డులో పెట్టడం పెంచల్ చూశాడు. చూసి, మళ్ళీ అద్దం వైపు తిరిగి జుట్టు చెదరగొట్టుకున్నాడు.

కిటికీ మూలకు అడ్డంగా తాడు కట్టి దుప్పటి వేలాడదీశాడు. హజరత్తయ్య, చెంచయ్య వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఉషారాణి పులిబొంగరాలు, ఎర్రకారం పెట్టింది. కళ మొదలయ్యేలోపే చెంచయ్య ఏడు తినేశాడు. ఇది కళకు జరిగిన మొదటి అవమానం.

పదకొండు దాటాక పెంచల్ తెర వెనక్కు వెళ్ళాడు. గిటార్ వైరు పెద్దపెట్టెకు గుచ్చాడు. స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలిగింది. శబ్దం సున్నాకు తిప్పాడు. పెట్టె వెనక దాచిన డబ్బాకు ఫోన్ కలిపి, మీట నొక్కి, కళ్ళు మూసుకున్నాడు.

ఎడమచేతి మహానుభావుడు మోగాడు. అబ్బ, ఏం మోగాడు! మొదటి స్వరానికే చెంచయ్య నమలడం ఆపాడు. పెంచల్ వేళ్ళు తీగల మీద గాల్లో పరిగెత్తాయి. తల వెనక్కి వాలింది. నోరు తెరుచుకుంది. కాసేపటికి, వాయిస్తున్నది తానేనని అతను కూడా నమ్మేశాడు.

అంతలో చుట్టూ ఒక నిశ్శబ్దం కమ్ముకుంది. మామూలు నిశ్శబ్దం కాదు. ఇల్లూ వాకిలీ, గుంటలూ గట్లూ కూడా చెవులప్పగించి వింటున్నట్టు ఉంది. పెంచల్ ఒళ్ళు పులకరించింది. నుదుటి మీద చెమట పట్టింది. కళాకారుడికి చెమట పట్టకపోతే ఇంకెవరికి పడుతుందనుకున్నాడు. తర్వాత కుర్చీలు జరిగిన చప్పుడు, దబదబమని అడుగుల చప్పుడు. ఆనందం పట్టలేక లేచి చిందులేస్తున్నారనుకుని, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుని, గిటార్‌ను ఎత్తి వీపు వెనక పెట్టుకున్నాడు.

అదే భంగిమలో ఎంతసేపున్నాడో తెలియదు. దుప్పటి కొస పైకి లేచింది. డీజిల్ వాసన వచ్చింది.

"బావా, ఇంకా ఎంతసేపుండాది?" అని నెమ్మదిగా అడిగింది ఉషారాణి.

పెంచల్ కళ్ళు తెరిచాడు. నెత్తి మీద ఫ్యాన్ తిరగడం లేదు. పెద్దపెట్టె మీద ఎర్రలైటు లేదు. షెడ్డులోంచి జనరేటర్ గుడగుడమంటోంది. ఆ జనరేటర్ గుంటలకే గానీ ఇంటికి కాదు. ఉషారాణి వెనక హజరత్తయ్య, చెంచయ్య రొప్పుతూ నిలబడి ఉన్నారు. ఇంత జరిగినా ఎడమచేతి మహానుభావుడు మాత్రం ఎక్కడా తగ్గకుండా వాయిస్తూనే ఉన్నాడు.

పెంచల్ గబగబా ఫోన్ మీద ఏదో నొక్కాడు. పాట ఆగి, డబ్బాలోంచి ఎవరిదో గొంతు వినపడింది. "పాఠం ఒకటి. గిటార్ పట్టుకునే విధానం."

వీపు వెనక ఉన్న గిటార్‌ను పెంచల్ ముందుకు తెచ్చుకున్నాడు.

"ముప్పై ఏళ్ళు మేళంలో తిరిగినా. కరెంటు లేకుండా కరెంటు గిటార్ వాయించినోణ్ణి ఇప్పుడే చూస్తుండా," అన్నాడు చెంచయ్య. ఎగతాళి చేసినా బాగుండేది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు.

హజరత్తయ్య మాత్రం మంచి మనిషి కాబట్టి బాధపడ్డాడు. బుధవారమే గ్రూపులో పెట్టినారు గదా పెంచలూ, ఆదివారం పదకొండుంబావుకు రిపేరు కోసం లైను ఆపుతామని, ఊరంతా డీజిల్ పోయించుకుంటే నువ్వొక్కడివీ చూళ్ళేదా అని అడిగాడు.

అప్పుడు వెలిగింది పెంచల్‌కు. బుధవారం సాయంత్రం ఆమె ఫోన్లో చదువుతున్నది అదే. పదింటిని పదకొండు చేసింది అందుకే. కోపంతో అతని గొంతు కీచుమంది. ఇది కుట్ర అన్నాడు. కట్టుకున్న మొగుడి మీద, కళ మీద, న్యాయం మీద కుట్ర అన్నాడు.

"నేనేం కుట్ర చేసినా? నువ్వు నిజంగా వాయిస్తుంటే కరెంటు పోయి పెట్టె ఆగిపోతాది, పందెం అక్కడికి అయిపోతాది, నా మిషను నేను జరుపుకుందామనుకున్నా. నువ్వు డబ్బా పెడతావని నాకేం తెలుసు? అది నువ్వు చేసుకున్నదే," అంది ఉషారాణి. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇంకో మాట అంది. "డబ్బా సంగతి పోనీ. ఏరేటర్లు నాలుగూ ఆగిపోయినాయి. తెల్సుండి కూడా మా కాళ్ళు ఆగలా, పరిగెత్తినాం. నువ్వు కిటికీ పక్కనే కూర్చోని ఇన్లా. వాయించేవోడికి చేతులు కాదు బావా, ముందు చెవులుండాల."

రొయ్యల రైతుకు అంతకంటే తలవంపు ఇంకోటి ఉండదు. కానీ ఓడినవాడికి కూడా ఒక్క ఆశ మిగిలి ఉంటుంది.

"వాయించేది నేను కాదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదట్లోనే. మూడో తీగ కాడ నీ వేలు జారలా. ఇరవై ఏళ్ళుగా జారతా ఉండాది, ఇయ్యాల జారలా. అప్పుడే తెలిసింది."

పెంచల్ ముఖం వెలిగిపోయింది. ఫలానావోడిదని వినగానే తెలియాలని చెప్పింది నువ్వే గదా, నా వాయింపు నీకు వినంగానే తెలిసిపోతుంది గదా, అంటే నీ లెక్క ప్రకారం గొప్పోళ్ళలో నేనూ ఒకణ్ణే గదా అని నిలదీశాడు. హజరత్తయ్య కూడా ఇందులో కొంత న్యాయం ఉన్నట్టుందే అని తల ఊపాడు.

"గొప్పోణ్ణి మొదటి స్వరానికి గుర్తుపడతారు," అంది ఉషారాణి. "నిన్ను మొదటి తప్పుకు గుర్తుపడతా."

తీర్పు అయిపోయింది. మిగిలిన పులిబొంగరాలు చెంచయ్య తిన్నాడు.

మధ్యాహ్నం లైను వచ్చాక, పెద్దపెట్టెను ముందు పెంచల్, వెనక హజరత్తయ్య పట్టుకుని గట్టు వెంట మోసుకుపోయారు. గిటార్ పెంచల్ మెడలో వేలాడుతోంది. దారి పొడుగునా అతను న్యాయం గురించి, ఉప్పుగాలి గురించి, తుప్పు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. నెల రోజులు, నెల రోజుల్లో ఈ తీగలు రాలిపోతాయి, ఆ పాపం ఎవరిదో దేవుడే చూసుకుంటాడు అన్నాడు.

షెడ్డు తలుపు తీసి చూస్తే, జనరేటర్‌కు ఎదురు గోడన ఒక లావుపాటి మేకు. గిటార్ మెడకు గీత పడకుండా దానికి గుడ్డ చుట్టి ఉంది. కింద ఇటుకలు పేర్చి, పైన పలక వేసి, పెద్దపెట్టెకు సరిపడా అరుగు. మేకుకు ఒక సంచి వేలాడుతోంది. మేత బస్తాల లోపలి ప్లాస్టిక్‌ను రెండు పొరలు వేసి, మీద పాత చీర గుడ్డ వేసి, అంచులన్నీ మిషను మీద దగ్గర దగ్గరగా కుట్టి, జిప్పు పెట్టి ఉంది. లోపలికి చీమ కాదు కదా, సముద్రపు గాలి కూడా దూరలేదు. గిటార్ పెట్టి చూశాడు. కొలత తీసినట్టు పట్టింది. పక్కన ఒక చిన్న జేబు కూడా ఉంది. తీగలు మీటే బిళ్ళలు అతను ఎప్పుడూ పారేసుకుంటాడు కాబట్టి, వాటికోసం.

హజరత్తయ్య సంచిని తిప్పి తిప్పి చూసి, ఇది ఒక్క రోజు పని కాదే అని వెళ్ళిపోయాడు.

బుధవారం విన్న సుత్తి చప్పుడు పెంచల్‌కు అప్పుడు గుర్తొచ్చింది. అంటే తాను పందెం మాట ఎత్తకముందే మేకు కొట్టేసింది! తాను ఓడిపోతాడని అంత నమ్మకమా? ఇంతకంటే అన్యాయం ఉంటుందా? వెంటనే వెళ్ళి అడిగెయ్యాలనుకున్నాడు. సంచి జిప్పు ఒకసారి వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. చివరికి అడగడం తర్వాత చూద్దామని, పెద్దపెట్టె ప్లగ్గు గుచ్చి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని ఇటుకల అరుగు అంచున కూర్చున్నాడు.

తనకిష్టమైన పాటే ఎత్తుకున్నాడు, ఎప్పటిలాగే వేగంగా. మూడో తీగ దగ్గర వేలు జారింది.

అవతలి గట్టు మీద ఉషారాణి మేత పళ్ళెం పైకి లాగి, రొయ్యలను అరచేతిలో వేసుకుని చూస్తోంది. మధ్యలో నాలుగు గుంటల ఏరేటర్లు దడదడలాడుతున్నాయి. ఆమె తల కూడా తిప్పలేదు.

"అదీ, ఇప్పుడు నువ్వే బావా," అంది, వినపడేటట్టు.

కోపం తగ్గిందనుకుంటారేమో, తగ్గలేదు. కానీ పెంచల్ ఒక్క నిమిషం ఆగి, ఏరేటర్లు నాలుగూ తిరుగుతున్నాయో లేదో చెవి పెట్టి విని, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి నెమ్మదిగా.